యోగా చేస్తున్నా దేవుడు దగ్గరైనట్టు లేదు: ఎక్కడ ఆగిపోతోంది?

మీరు అడిగింది క్లుప్తంగా ఇది. ఏడాదిన్నరగా రోజూ పొద్దున ఆరింటికి యోగా క్లాసుకు వెళ్తున్నారు. నడుం నొప్పి పోయింది, నిద్ర బాగా పడుతోంది. కానీ ఇంట్లో అమ్మగారు దేవుడి గదిలో పది నిమిషాలు కూర్చుంటే చాలు, ఆమె కళ్ళలో నీళ్ళు తిరుగుతాయి. మీకు గంటసేపు చేసినా అలాంటిదేమీ జరగడం లేదు. యోగాతో దేవుడితో అనుబంధం నిజంగా కుదురుతుందా, లేక ఇది ఒట్టి వ్యాయామమేనా, ఎవరి దగ్గరైనా మంత్రదీక్ష తీసుకోవాలా అని మీ సందేహం.

ముందు సూటిగా చెప్తాను. కుదురుతుంది. కానీ ఆసనాల వల్ల కాదు. ఆసనాలు, శవాసనం అయిపోగానే మీరు చాప చుట్టేసి లేచి వెళ్ళిపోతున్నారు. అసలు పని మొదలు కావలసింది అక్కడ. వంటంతా చేసి, విస్తరి కూడా వేసి, తినకుండా ఆఫీసుకు పరుగెత్తినట్టుంది మీ సంగతి. శవాసనం తర్వాత ఇంకో ఇరవై నిమిషాలు కూర్చోండి. మీకు ఇష్టమైన దేవుడి పేరు శ్వాసతో కలిపి జపించండి. లేచే ముందు ఆ పూట చేసినదంతా ఆయనకు అప్పగించి లేవండి. దీక్ష సంగతి తర్వాత చూసుకోవచ్చు.

ఇక ఎందుకో చెప్తాను, కాస్త పొడుగవుతుంది. గోదావరి జిల్లాలో ఒక చిన్న ఊళ్ళో 23 ఏళ్ళుగా యోగా నేర్పుతున్నాను. అంతకు ముందు పదేళ్ళు సొంతంగా నేర్చుకుంటూ చాలా తప్పులు చేశాను. ఇక్కడ రాసేదాంట్లో సగం ఆ తప్పుల నుంచి వచ్చిందే.

యోగా అనగానే మనకు ఆసనాలు గుర్తొస్తాయి. పతంజలి యోగసూత్రాలు తెరిచి చూడండి. పాఠాన్ని బట్టి 195 అనీ 196 అనీ లెక్క చెప్తారు. అన్నిట్లో ఆసనం గురించి చెప్పినవి మూడే సూత్రాలు. అదే మొదటి పాదంలో, అంటే మొదటి అధ్యాయంలో, ఈశ్వరుడి గురించి 23 నుంచి 29 వరకు వరుసగా ఏడు సూత్రాలున్నాయి. నేను ఈ లెక్క క్లాసులో చెప్తే చాలామంది నమ్మరు, పుస్తకం తెచ్చి చూపించాల్సి వస్తుంది. క్లాసుల్లో ఈ మాట ఎందుకు ఎత్తరంటే, దేవుడి ప్రస్తావన వస్తే ఫీజు కట్టేవాళ్ళలో సగం మంది జారుకుంటారని భయం. నేనూ మొదటి నాలుగేళ్ళు అలాగే దాచాను.

ఆ ఏడు సూత్రాల్లో మొదటిది "ఈశ్వరప్రణిధానాద్వా". చివర్లో ఉన్న ఆ "వా" మీద పండితులు బోలెడు చర్చించారు. వా అంటే "లేదా" అని. మనసు నిలపడానికి అభ్యాస వైరాగ్యాలు చెప్పాడు, శ్రద్ధ, వీర్యం (అంటే పట్టుదల) వగైరా చెప్పాడు, "లేదా ఈశ్వరుడికి అప్పగించుకోవడం వల్ల కూడా" అన్నాడు. అంటే దేవుడి మీద నమ్మకం లేనివాడికీ యోగంలో చోటుంది. కానీ రెండో పాదానికి వచ్చేసరికి చూడండి: తపస్సు, స్వాధ్యాయం, ఈశ్వరప్రణిధానం, ఈ మూడూ కలిపితే క్రియాయోగం అన్నాడు. అక్కడ "వా" లేదు. నియమాలు ఐదు చెప్పినప్పుడూ ఈశ్వరప్రణిధానం ఐదోది, అక్కడా "వా" లేదు. ఇది గమనించాక నాకు అనిపించింది: అసలే నిలకడ ఉన్నవాడికి ఈశ్వరుడు ఒక దారి, మనలాగా సంసారం, ఉద్యోగం, ట్రాఫిక్ మధ్య మొదలుపెట్టేవాడికి మాత్రం అది రోజువారీ పని. ఇది నా అభిప్రాయం, పండితులు ఒప్పుకోకపోవచ్చు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. పతంజలి చెప్పే ఈశ్వరుడు, మీ అమ్మగారి కళ్ళు చెమర్చే దేవుడు అచ్చంగా ఒకటి కాదు. క్లేశాలు, కర్మ, కర్మఫలం, వాసనలు (పాత సంస్కారాలు) అంటని ఒక ప్రత్యేక పురుషుడు అన్నాడు, పూర్వపు గురువులకు కూడా గురువు అన్నాడు, ఆయన పేరు ప్రణవం, అంటే ఓంకారం, అన్నాడు. అంతే. వెన్న దొంగిలించాడని గాని, ఏనుగు పిలిస్తే పరుగెత్తుకొచ్చాడని గాని చెప్పలేదు. ఆ రెంటినీ కలిపింది భగవద్గీత. ఆరో అధ్యాయంలో ఆసనం ఎక్కడ వేసుకోవాలి, మెడ ఎలా నిలపాలి, తిండీ నిద్రా ఎంత ఉండాలి అన్నీ ఒక యోగా టీచరులాగా చెప్పుకొచ్చి, చివరి శ్లోకం 47లో యోగులందరిలోనూ శ్రద్ధతో నన్ను భజించేవాడే మేలైనవాడు అని ముగించాడు కృష్ణుడు. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు ఆ అధ్యాయంలోనే ఉంది. ఒక్కసారి తాత్పర్యంతో చదవండి, గంట కూడా పట్టదు.

ఇంతకీ ప్రణిధానం అంటే ఏమిటి? యోగసూత్రాలకు పాత వ్యాఖ్యానమైన వ్యాసభాష్యంలో, చేసే పనులన్నీ పరమగురువుకు అర్పించడం, లేదా వాటి ఫలం వదులుకోవడం అని ఉంది. భారీ మాటలా అనిపిస్తుంది గాని, మన ఇళ్ళలో ఏ వ్రతం అయినా చివర్లో చేసేది ఇదే. ఉద్ధరిణెతో నీళ్ళు పళ్ళెంలో వదులుతూ "కాయేన వాచా మనసేంద్రియైర్వా" అని చదివి నారాయణుడికి సమర్పిస్తాం. చిన్నప్పటి నుంచి విన్నదే కదా. శరీరంతో, మాటతో, మనసుతో అని వరుస. నాకైతే అది యోగాభ్యాసం వరుసే. శరీరానికి ఆసనం, మాటకు జపం, మనసుకు ధ్యానం. మీరు మొదటి మెట్టు మీద ఏడాదిన్నర నిలబడి, తలుపు తెరుచుకోలేదేమిటా అంటున్నారు.

ఏం చేయాలంటే: మొత్తం ముప్పావుగంట చాలు. పదిహేను నిమిషాలు ఆసనాలు. మీకు సూర్యనమస్కారాలు వచ్చు కాబట్టి అవి ఆరు చేయండి, ఒక్కోదానికీ ఒక్కో పేరు చెప్పి. పన్నెండు పేర్లున్నాయి, రెండు రోజులకు ఒక చుట్టు పూర్తవుతుంది. మొదటి పేరు "మిత్రాయ నమః". సూర్యుణ్ణి ముందుగా స్నేహితుడా అని పిలుస్తున్నారన్న మాట. రథసప్తమికి 108 సూర్యనమస్కారాలు చేసి సెల్ఫీ పెట్టేవాళ్ళు మా ఊళ్ళోనూ ఉన్నారు, అందులో ఒక్కసారైనా ఈ పేరు పలికారా అని అడిగితే నవ్వేస్తారు.

తర్వాత పది నిమిషాలు నాడీశోధన, అంటే ఒక ముక్కుతో పీల్చి రెండో దాంతో వదలడం. గాలి బిగబట్టొద్దు. మెల్లగా, చప్పుడు లేకుండా. చివరి ఇరవై నిమిషాలు జపం. నేల మీద కూర్చోలేకపోతే కుర్చీ. "స్థిరసుఖమాసనమ్" అన్నాడు పతంజలి, కదలకుండా హాయిగా ఉండాలి, అంతే షరతు. పద్మాసనం అని ఆ సూత్రంలో లేదు.

జపం మూడు రకాలు: పక్కవాళ్ళకు వినపడేలా చేసేది వాచికం, పెదవులు కదిలేది ఉపాంశువు, లోపలే చేసేది మానసికం. అందరూ మానసికమే గొప్పదని విని నేరుగా అక్కడికి దూకుతారు. మూడో నిమిషంలో ఆఫీసు మీటింగ్‌లో ఉంటారు. ముందు ఒక నెల వాచికమే చేయండి, గొంతు చెవికి వినపడాలి. గాలి పీల్చేటప్పుడు ఊరుకోండి, వదిలేటప్పుడు పేరు చెప్పండి. రామా అనండి, శివా అనండి, గోవిందా అనండి. పేరు గాలి అయిపోయేదాకా సాగాలి. అప్పుడు శ్వాస దానంతటదే నెమ్మదిస్తుంది, అందుకోసం ఇంకో ప్రాణాయామం చేయక్కర్లేదు. హఠయోగప్రదీపిక అనే పాత గ్రంథంలో గాలి కదిలితే మనసు కదులుతుంది, గాలి నిలిస్తే మనసు నిలుస్తుంది అని ఉన్నది ఇందుకే.

మనసు పారిపోతుంది. ఇరవై నిమిషాల్లో వందసార్లు పారిపోతుంది. గీతలో కూడా అది ఎక్కడికి పోతే అక్కడి నుంచి వెనక్కి తెమ్మన్నాడే గాని పోనివ్వకు అనలేదు. వందసార్లు వెనక్కి తెచ్చారంటే వందసార్లు ఆయన వైపు తిరిగినట్టే. దాన్ని ఫెయిల్యూర్ అనుకుని లేచిపోయేవాళ్ళే ఎక్కువ.

మా దగ్గరికి 67 ఏళ్ళ ఒక పెద్దావిడ వచ్చేది. రెండు మోకాళ్ళూ అరిగిపోయాయి. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునే అన్నీ చేసేది. విష్ణుసహస్రనామం ఆమెకు నోటికి వచ్చు, మిక్సీ తిరుగుతుండగా కూడా గడగడా చదివేస్తుంది. అది ఆపకుండానే, విడిగా కేశవనామాలు 24 మాత్రం, గాలి వదిలేటప్పుడు ఒక్కో నామం చొప్పున చేయమన్నాను. నాలుగైదు నిమిషాల పని. మూడు వారాల తర్వాత ఒకరోజు క్లాసయ్యాక ఆగి, "ఇన్నాళ్ళూ ఆయన పేర్లు చదివానండీ, పిలవలేదు" అంది. ఆమెకు నేను కొత్తగా నేర్పిందేమీ లేదు. వేగం తగ్గించాను, అంతే. అమ్మగారు పది నిమిషాల్లో చేరుకునే చోటుకు మీరు గంటలో చేరలేకపోవడానికి కారణం కూడా ఇదే కావచ్చు. ఆమె ఎవరితోనో మాట్లాడుతోంది. మీరు భంగిమ సరిచూసుకుంటున్నారు.

అమ్మగారి కన్నీళ్ళతో మాత్రం పోటీ పెట్టుకోకండి. ఎన్నేళ్ళుగా దీపం పెడుతున్నారో అడిగి చూడండి. అభ్యాసం ఎప్పుడు గట్టిపడుతుందో పతంజలి మూడు మాటల్లో చెప్పాడు: చాలాకాలం, మధ్యలో మానకుండా, ఆదరంతో. మీ ఏడాదిన్నరలో మొదటి రెండూ కొంత ఉన్నాయి. పైగా కన్నీళ్ళు రాని భక్తులూ ఉంటారు. మా నాన్న రోజూ సంధ్యావందనం చేసేవాడు, ఏనాడూ ఆయన ముఖంలో ఏ మార్పూ చూడలేదు నేను.

వెలుగులు, శబ్దాల కోసం ఎదురుచూడకండి. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే ఒక మనిషి దీనివల్ల అభ్యాసం మానేయడం చూశాను. బ్యాంకు ఉద్యోగి, బాగా చేసేవాడు. రెండో నెలలో కనుబొమల మధ్య నీలం వెలుగు కనిపిస్తోందని సంబరంగా చెప్పాడు. పట్టించుకోవద్దన్నాను. నాకు అసూయ అనుకున్నాడు కాబోలు, ఇంట్లో గంటలు గంటలు దానికోసమే కూర్చున్నాడు. నాలుగు నెలలకు ఆ వెలుగు రావడం ఆగిపోయింది. దేవుడు వదిలేశాడని దిగులుపడి అన్నీ మానేశాడు. వెలుగు అబద్ధమని నేననను. కళ్ళు మూసుకుని ఒకచోట దృష్టి పెడితే చాలామందికి ఏవో రంగులు కనిపిస్తాయి. యోగానికి అడ్డుపడేవి తొమ్మిది చెప్పాడు పతంజలి: రోగం, మందకొడితనం, సందేహం, అజాగ్రత్త, బద్ధకం ఇలా. అందులో భ్రాంతిదర్శనం ఒకటి. సిద్ధులు, అంటే అతీత శక్తులు, కూడా సమాధికి అడ్డే అని మూడో పాదంలో అన్నాడు. అనుభవాన్ని పట్టుకుంటే దేవుణ్ణి వదిలి, ఆయన పంపిన కవరు పట్టుకున్నట్టు.

నా తప్పు కూడా చెప్పాలి. ముప్పై ఏళ్ళ వయసులో పుస్తకం చూసి కుంభకం, అంటే గాలి బిగబట్టడం, మొదలుపెట్టాను. పీల్చేది ఒకటైతే బిగబట్టేది నాలుగు, వదిలేది రెండు, ఆ లెక్కన. ఎవరికీ చెప్పలేదు. నెల దాటేసరికి రాత్రిళ్ళు గుండె దడ, నిద్ర లేదు, ఇంట్లో అందరి మీదా చిరాకు. డాక్టరు ఈసీజీ తీసి గుండె బాగానే ఉందన్నాడు. చివరికి నాకు ఆసనాలు నేర్పిన పెద్దాయన దగ్గరికి వెళ్తే ఒకటే మాట అన్నాడు: "దేవుడి కోసమని మొదలుపెట్టి గాలితో కుస్తీ పడుతున్నావేంట్రా?" ఆరు నెలలు ప్రాణాయామం పూర్తిగా ఆపించి నామజపం ఒక్కటే చేయించాడు. అప్పుడు మొదటిసారి చెప్పుకోదగ్గ మార్పు నాలో వచ్చింది. అది వెలుగు కాదు, దర్శనం కాదు. ఒకరోజు ఊరెళ్ళి జపం చేయలేకపోతే, ఇంట్లో మనిషితో ఫోన్‌లో మాట్లాడకపోయిన రోజులాగా వెలితిగా ఉంది. అంతకు ముందు ప్రాక్టీస్ తప్పితే గిల్టీగా ఉండేది. ఈ రెంటికీ చాలా తేడా ఉంది.

మీలాంటి ప్రశ్నే మీకంటే ఎన్నో రెట్లు సాధన చేసిన ఒక తెలుగాయన అడిగాడు. బొబ్బిలి దగ్గర కలువరాయిలో పుట్టిన గణపతిముని. బెంగాల్‌లోని నవద్వీపం పండితులు కావ్యకంఠ అని బిరుదిచ్చిన మహాకవి, ఏళ్ళ తరబడి మంత్రజపం చేసినవాడు. అయినా తపస్సు అంటే ఏమిటో తనకు అంతుపట్టలేదని 1907 నవంబరు 18న అరుణాచలం కొండ మీద విరూపాక్ష గుహలో ఉన్న యువ స్వామి దగ్గరికి వెళ్ళి అడిగాడు. ఆ స్వామికి అప్పుడు 27 ఏళ్ళు. కాసేపు మౌనంగా చూసి ఆయన చెప్పిన దాని సారం ఇది: నేను అనే తలపు ఎక్కడ పుడుతోందో గమనిస్తే మనసు అక్కడే లీనమవుతుంది, అదే తపస్సు. మంత్రం జపిస్తే ఆ నాదం ఎక్కడి నుంచి పుడుతోందో గమనించు, మనసు అక్కడ లీనమవుతుంది, అదే తపస్సు. గణపతిముని పొంగిపోయి ఆయనకు భగవాన్ రమణ మహర్షి అని పేరు పెట్టాడు. జపం మానేసి ఇంకేదో చేయమని చెప్పలేదు చూడండి. చేస్తున్న దాన్నే పుట్టుక వైపు తిప్పమన్నారు. మీరు వాచికం దాటి లోపలి జపానికి వచ్చాక ఇది పనికొస్తుంది, ఇప్పుడే వద్దు.

దీక్ష సంగతి. రామ, కృష్ణ, శివ, గోవింద లాంటి నామాలకు ఏ దీక్షా అక్కర్లేదు. బీజాక్షరాలున్న మంత్రాలు మాత్రం సంప్రదాయం తెలిసిన గురువు చెప్తేనే చేయండి, యూట్యూబ్ చూసి వద్దు. మూడు రోజుల్లో కుండలిని లేపుతామని వేలకు వేలు అడిగే చోటికి వెళ్ళకండి. హిందూ దేవుళ్ళ పేర్లే కావాలా అని ఇంకొందరు అడుగుతుంటారు. మా క్లాసులో ఒక క్రైస్తవ అమ్మాయి యేసయ్య పేరుతోనే చేసేది. "యథాభిమతధ్యానాద్వా" అని పతంజలే అన్నాడు, నీకు ఇష్టమైనదాన్ని ధ్యానించు అని. రూపం మీద నమ్మకం లేకపోతే ఓంకారం చాలు.

జాగ్రత్తలు రెండు మూడు. బీపీ, గుండె జబ్బు, హెర్నియా ఉన్నవాళ్ళు, గర్భిణులు కపాలభాతి, భస్త్రిక లాంటి గాలి వేగంగా ఊదే ప్రాణాయామాలు చేయకూడదు. కంట్లో ప్రెషర్ ఉన్నవాళ్ళు శీర్షాసనం జోలికి పోవద్దు. ఇంకొకటి పైవాటికన్నా ముఖ్యం: డిప్రెషన్‌కో మరో మానసిక సమస్యకో మందులు వాడుతుంటే యోగా మొదలయ్యిందని వాటిని ఆపొద్దు. ఎవరూ లేకుండా మాటలు వినిపిస్తుంటే అది ధ్యానఫలం అనుకుని కళ్ళు మూసుకుని గంటలు కూర్చోవద్దు, డాక్టరుకు చెప్పండి. అలాంటివాళ్ళకు నేను కళ్ళు తెరిచి, దీపం ముందు, పైకి వినపడేలా ఐదు నిమిషాలు జపం తప్ప వేరేదేదీ చెప్పను.

పూజ మానేసి ఇది చేయాలా అని మీరు అడగలేదు గాని, అడుగుతారేమో. మానొద్దు. వీలైతే ఆ ఇరవై నిమిషాలూ అమ్మగారి దేవుడి గదిలోనే కూర్చోండి. క్లాసు నుంచి ఇంటికొచ్చి స్నానం చేసి కూర్చున్నా ఇబ్బంది లేదు. ఆమె పూజ చేసుకునే టైముకే కుదిరితే ఇంకా మంచిది, మాట్లాడుకోనక్కర్లేదు.

ఒక మండలం, నలభై రోజులు చేసి మళ్ళీ ఇక్కడే రాయండి. ఏం కనిపించిందో తర్వాత, నలభైలో ఎన్ని రోజులు ఎగ్గొట్టారో ముందు రాయండి. మానసిక జపానికి ఎప్పుడు మారాలో దాన్ని బట్టి చెప్తాను.